షాపు ముందు ‘ఈ రోజు’ బోర్డు పెట్టాలనుకుంటే

బోర్డు కొనే ముందు ఒక లావుపాటి నోటు పుస్తకం కొనండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు బోర్డు, సుద్దముక్కలు తెచ్చేసి, పొద్దున్నే ఫోన్ తీసి ‘ఈ రోజు ప్రత్యేకత’ అని వెతికి, దొరికింది దొరికినట్టు ఎక్కిస్తారు. నాలుగు రోజులు బాగానే నడుస్తుంది. ఐదో రోజు ఎక్కడో దక్షిణ అమెరికాలో ఏదో వంతెన మొదలైన తారీఖు తగులుతుంది. అది చదివి మన వీధిలో ఎవరూ ఆగరు. ఆ తర్వాతి వారానికి అదే బోర్డు మీద ‘కలర్ జిరాక్స్ తీయబడును’ అని ఉంటుంది.

నాది కావలిలో, బస్టాండుకు దగ్గర్లో జిరాక్సు, స్టేషనరీ షాపు. ఉదయగిరి, వింజమూరు, కలిగిరి బస్సులు దిగినవాళ్ళు ఆధార్ కాపీలకూ పిల్లల టీసీలకూ వస్తారు. మిగతా బేరమంతా గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలది. మెషిన్ వేడెక్కేదాకా, కరెంటు వచ్చేదాకా వీళ్ళందరికీ నిలబడి చదవడానికి ఏదో ఒకటి కావాలి కదా అని పెట్టిన బోర్డు ఇది. ఆ చదివే పిల్లలకు తారీఖు తప్పు కనపడితే పండగ. “అక్కా, అది 53 కాదు, 56” అని రోడ్డు అవతల నుంచే కేక వేస్తారు. వాళ్ళ నోటికి దొరక్కుండా ఉండాలంటే ఏం చేయాలో నేర్చుకోక తప్పలేదు. అదే ఇక్కడ రాస్తున్నాను. షాపుకైనా, స్కూలు నోటీసు బోర్డుకైనా, అపార్టుమెంటు లిఫ్టు పక్కన పెట్టేదానికైనా పద్ధతి ఒకటే.

నోటు పుస్తకం

తారీఖులు అచ్చేసిన డైరీ వద్దు. అందులో వారాలు కూడా ఉంటాయి, మరుసటి ఏడాదికి అవి కుదరవు. లాంగ్ సైజు రూళ్ళ పుస్తకం తీసుకుని పేజీకి ఒక తారీఖు మీరే రాసుకోండి. ఫిబ్రవరి 29తో కలిపి 366 పేజీలు. పేజీని నిలువుగా మూడు గళ్ళు చేయండి: ఏ సంవత్సరం, ఏం జరిగింది, ఎక్కడ చూశాం. మూడో గడి దండగ అనిపిస్తుంది. అది లేకపోతే మీ పుస్తకానికీ వాట్సాప్ ఫార్వర్డుకీ తేడా ఉండదు.

పుస్తకం నింపడం మీ ఊరి నుంచి మొదలుపెట్టండి. ప్రపంచం సంగతి తర్వాత చూడొచ్చు, అది ఎక్కడైనా దొరుకుతుంది. మా వైపు నుంచి నేను మొదట ఎక్కించినవి ఇవి: 1921 ఏప్రిల్ 7న గాంధీ పల్లిపాడు వచ్చి పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం ప్రారంభించారు. అదే 1921లో మే 7న సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో ఆత్రేయ పుట్టారు. 1946 జూన్ 4 బాలు పుట్టినరోజు. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి ఎస్సెల్వీ-3 మొదటిసారి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దానికి ముందు 1979 ఆగస్టు 10న ఇదే రాకెట్ విఫలమైంది. దాన్ని కూడా రాసుకోండి. పరీక్ష పోయిందని మొహం వేలాడేసుకుని వచ్చే పిల్లలకు జూలై 18 కంటే ఆగస్టు 10 బోర్డే ఎక్కువ నచ్చుతుంది.

ఒకసారి ఇట్టా ఊరివి ఎక్కించాక, పేజీల్లో తారీఖులు ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చుంటాయి. ఫిబ్రవరి 2 చూడండి. 1970లో ఆ రోజున ఒంగోలు జిల్లా ఏర్పడింది, ప్రకాశం పేరు దానికి 1972లో వచ్చింది. సరిగ్గా పదేళ్ళకు, 1980 ఫిబ్రవరి 2న, ‘శంకరాభరణం’ విడుదలైంది. నెల్లూరులో పెరిగిన బాలుకు మొదటి జాతీయ అవార్డు ఆ సినిమా పాటకే వచ్చింది. ఆ సినిమా తీసిన కె.విశ్వనాథ్ 2023లో చనిపోయిందీ ఫిబ్రవరి 2నే. ఏ వెబ్‌సైటూ ఈ మూడింటినీ ఒకచోట పెట్టదు. మీ పుస్తకం పెడుతుంది.

ఆగస్టు 23 కూడా అట్టాంటిదే. 1872లో టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టిన రోజు, 2023లో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన రోజు. ఆ ఒక్క తారీఖు మీద ముసలివాళ్ళకూ చిన్నపిల్లలకూ చెరొక లైను రాయొచ్చు.

తారీఖును ఎట్లా నమ్మాలి

ఇక్కడ నిదానంగా ఉండాలి. పది చోట్ల ఒకే తారీఖు కనపడినంత మాత్రాన అది నిజమని అనుకోవద్దు. ఒకరు రాసింది తొమ్మిది మంది ఎత్తి రాసి ఉంటారు. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాల్లో, పేపర్లలో, వేదికల మీద చెప్పుకున్నారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత రికార్డులు తిరగేసి, దానికి సెన్సార్ సర్టిఫికెట్టే 1932 జనవరి 22న వచ్చిందని, బొంబాయిలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని చూపించారు. సెన్సార్ కాని బొమ్మ నాలుగు నెలల ముందు హాల్లో ఎట్లా ఆడుతుంది? ఈ ఒక్క ప్రశ్న అన్నేళ్ళు ఎవరూ వేయలేదు. మీరు వేయండి. ప్రతి తారీఖుకీ ముందు ఏం జరిగి ఉండాలి, తర్వాత ఏం జరిగి ఉండాలి అని రెండు పక్కలా చూస్తే సగం అబద్ధాలు అక్కడే రాలిపోతాయి.

సినిమాలకు మంచి సాక్ష్యం విడుదల రోజున పేపర్లో వేసిన ప్రకటన. మిగతా వాటికి మరుసటి రోజు పేపరు. అయితే పేపరు మీదున్న తారీఖు, విషయం జరిగిన తారీఖు ఒకటి కావు. రాత్రి జరిగింది మర్నాడు అచ్చవుతుంది, ఆ రోజుల్లో దూరం నుంచి వచ్చే వార్తయితే ఇంకా ఆలస్యం. పాత పేపర్లు చూడాలనే ఓపిక ఉంటే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918 నాటి గ్రంథాలయం, పాత పత్రికలను జాగ్రత్తగా దాచిన చోటు. మా వైపు నుంచి రైల్లో పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. అంత దూరం పోలేకపోతే మీ ఊరి శాఖా గ్రంథాలయంలో అడగండి, బీరువా తాళం దొరికిన రోజున ఏమైనా దొరుకుతుంది.

పుట్టినరోజుల విషయంలో ఇంకా జాగ్రత్త. మన పెద్దవాళ్ళలో సగం మంది రికార్డుల ప్రకారం జూన్ 1నో జూలై 1నో పుట్టారు. బడిలో చేర్చిన రోజున హెడ్మాస్టరు గారు వేసిన తారీఖు అది. మా నాన్న కూడా ఆ జూలై 1 బ్యాచే. అందుకని ఒకప్పటి నటుడిదో రచయితదో పుట్టినరోజు జూలై 1 అని కనిపిస్తే, ఇంకొక ఆధారం దొరికేదాకా పెన్సిల్‌తోనే ఉంచండి.

కొన్నిటిని చేతివేళ్ళ మీద లెక్కేసి కూడా పట్టుకోవచ్చు. పొట్టి శ్రీరాములు గారి దీక్ష ఎన్ని రోజులు అని అడిగితే తలా ఒక అంకె చెబుతారు. 1952 అక్టోబర్ 19న మద్రాసులో మొదలుపెట్టారు, డిసెంబర్ 15 రాత్రి ప్రాణం పోయింది. అక్టోబర్‌లో 13, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 15. మొత్తం 58. ఇంక గొడవ లేదు.

‘ఎన్నో వార్షికోత్సవం’ అన్న దగ్గరే ఎక్కువ తగాదాలు వస్తాయి. 2021 ఆగస్టు 15ను 75వ స్వాతంత్ర్య దినోత్సవం అన్నారు, 75 ఏళ్ళు నిండింది మాత్రం 2022లో. 1947 ఆగస్టు 15 దగ్గర ఒకటి అని మొదలుపెడితే ఒక లెక్క, ఏళ్ళు నిండటం చూస్తే ఇంకొక లెక్క. ఎన్టీఆర్ శతజయంతి ఉత్సవాలు కూడా 2022 మే 28న మొదలయ్యాయి, నూరేళ్ళు నిండింది 2023 మే 28న. బోర్డు మీద ‘ఎన్నవ’ అనే మాట వదిలేసి ‘నేటికి ఇన్నేళ్ళు’ అని రాస్తే ఎవరూ చాకు తీసుకుని రారు.

మన గడియారం, వాళ్ళ గడియారం

విదేశాల సంగతులు రాసేటప్పుడు ఆ రోజు మనకు ఏ తారీఖు అన్నది చూడండి. ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ గెలిచింది లాస్ ఏంజెలెస్‌లో 2023 మార్చి 12 రాత్రి. మనం టిఫిన్లు తింటూ చూసింది మార్చి 13 పొద్దున. చంద్రుడి మీద మనుషులు దిగిన రోజు అమెరికా క్యాలెండర్లో 1969 జూలై 20. అప్పుడు మన దేశంలో జూలై 21 తెల్లవారుజామున ఒంటిగంట దాటి నలభై ఏడు నిమిషాలు. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు కింద పెట్టేసరికి మనకు పొద్దున ఎనిమిదిన్నర కావస్తోంది. నేను జరిగిన చోటి తారీఖే రాస్తాను, కింద చిన్నగా ‘మనకు మర్నాడు’ అని పెడతాను. పరీక్షల్లో అడిగేదీ జరిగిన చోటి తారీఖే.

పాత రష్యా తారీఖులది ఇంకొక తంటా. అక్టోబర్ విప్లవం అంటారు, జరుపుకునేది నవంబర్ 7న. అప్పటికి వాళ్ళ క్యాలెండర్ మనం వాడేదాని కంటే 13 రోజులు వెనక నడిచేది. 1918 ఫిబ్రవరికి ముందు రష్యాలో జరిగినది ఏది రాసినా ఇది గుర్తుంచుకోండి.

తిథుల మీద నడిచే వాటిని ఈ పుస్తకంలో ఎక్కించనే వద్దు. పెంచలకోన బ్రహ్మోత్సవాలు, త్యాగరాజ ఆరాధన, ఏవీ ఇంగ్లీషు తారీఖుకు కట్టుబడవు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ మొహరం నెలలో వస్తుంది. హిజ్రీ సంవత్సరం మన క్యాలెండర్ కంటే పది పదకొండు రోజులు చిన్నది కాబట్టి ఏటా అంత ముందుకు జరుగుతూ పోతుంది. కొన్నేళ్ళ కింద ఎండల్లో దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువుకు పోయామా, వానల్లో పోయామా అన్నదాన్ని బట్టి జనం ఏ సంవత్సరమో చెప్పేది అందుకే. వీటికి పుస్తకం చివర నాలుగు పేజీలు విడిగా పెట్టి, ఏటా పంచాంగం, క్యాలెండర్ వచ్చాక తారీఖులు వేసుకోండి.

జిల్లా పేర్ల దగ్గర కూడా కాలు జారుతుంది. ప్రకాశం పంతులు ‘ప్రకాశం జిల్లా’లో పుట్టారని స్కూలు పిల్లలు రాస్తుంటారు. 1872లో వినోదరాయునిపాలెం నెల్లూరు జిల్లాలో ఉంది. ఒంగోలు గుంటూరు జిల్లాలోకి పోయింది 1904లో. ఆయన పేరున జిల్లా వచ్చేసరికి ఆయన పోయి పదిహేనేళ్ళు. అట్టాగే శ్రీహరికోటను 1980కి రాస్తే నెల్లూరు జిల్లా, 2023 చంద్రయాన్‌కు రాస్తే తిరుపతి జిల్లా. ‘అప్పటి’ అనే మాట ఒకటి ముందు తగిలించుకుంటే సరిపోతుంది.

అన్నిట్లో ఏది ఎంచుకోవాలి

రోజుకు ఒకటే విషయం. రెండో లైను చిన్న అక్షరాల్లో ఉంటే ఉండొచ్చు. ఐదు విషయాలు రాస్తే ఎవరూ ఒక్కటీ చదవరు. ఏది ఎంచుకోవాలో నవంబర్ 8 పేజీతో చెబుతాను. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-రే కనిపెట్టింది ఆ రోజే. 2016లో పెద్దనోట్లు రద్దు చేస్తున్నట్టు ప్రధాని రాత్రి ఎనిమిది గంటలకు టీవీలో చెప్పిందీ ఆ రోజే. రెండూ గొప్ప విషయాలే. కానీ కావలిలో నవంబర్ 8న 89 తుఫాను తప్ప ఇంకేది రాసినా అది కావలి బోర్డు కాదు. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, మలయా ద్వీపకల్పం దాటి, బంగాళాఖాతం అంతా నడిచి వచ్చి ఆ రాత్రి మా ఊరి దగ్గరే తీరం దాటింది. నేను రాసే వాక్యం కూడా ఇంతే, అది ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో మాత్రమే. చనిపోయిన వాళ్ళ అంకెలు వేయను. ఆ తుఫానుకు పెట్టిన ఇంగ్లీషు పేరూ వేయను. పిల్లలు దాన్ని చదివి నవ్వుతారు, ఆ రోజు మనుషుల్ని పోగొట్టుకున్న వాళ్ళు ఇంకా ఈ వీధిలోనే తిరుగుతున్నారు.

ఆ రోజున బోర్డు ముందు ఆగిన వాళ్ళు చదివి ఊరుకోరు. రేకులు ఎగిరిపోయింది ఒకరు, గోడ పడింది ఒకరు, తుమ్మలపెంట వైపు పడవలు ఏమైంది ఒకరు మొదలుపెడతారు. వినండి. నచ్చితే పుస్తకంలో వేరే రంగు పెన్నుతో రాసుకోండి. బోర్డు మీదికి మాత్రం తేవద్దు, విన్నదీ తేలిందీ కలిసిపోతాయి.

అక్టోబర్ 1 పేజీలో నా ఎంపిక చాలామందికి నచ్చదు. 1953లో ఆ రోజున కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, ప్రకాశం పంతులు మొదటి ముఖ్యమంత్రి. పరీక్షలకు చదివే పిల్లలు అదే రాయమంటారు. నలభై ఏళ్ళ తర్వాత, 1993లో, అదే రోజున రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం వల్ల వచ్చిన నిషేధం అది. ఆ ఊరు మాకు దగ్గర, ఆ వైపు వాళ్ళు నా షాపుకొచ్చి డ్వాక్రా కాగితాలు జిరాక్సు తీయించుకుంటారు. అందుకని పై లైను వాళ్ళది, కింద లైను ఆంధ్ర రాష్ట్రానిది. ఒక అబ్బాయి “ఏందక్కా, రాష్ట్రం కింద, సారా పైనా?” అన్నాడు. “అవునబ్బయ్యా, కర్నూలులో బోర్డు పెట్టినప్పుడు నువ్వు తిరగేసి రాయి” అన్నాను.

డిసెంబర్ 15 లాంటి రద్దీ పేజీలకు వేరే ఉపాయం ఉంది. 1952లో శ్రీరాములు గారు, 1950లో సర్దార్ పటేల్ పోయిన రోజు. 1933లో బాపు పుట్టిన రోజు. 1966లో బాలు సినిమాకు మొదటి పాట పాడిన రోజు, అదే రోజున అక్కడ అమెరికాలో వాల్ట్ డిస్నీ కన్నుమూశారు. పై లైను ఏటా శ్రీరాములు గారిదే, నెల్లూరు జిల్లాలో ఆ రోజున ఇంకొకటి పైన రాయడానికి నాకు చెయ్యి రాదు. రెండో లైను ఏడాదికొకటి మారుస్తాను. ఏ ఏడాది ఏది వాడామో పేజీ అంచున పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. లేకపోతే మూడో ఏడు మళ్ళీ డిస్నీయే వస్తాడు.

రాయకూడనివి

బతికున్న రాజకీయ నాయకుల పుట్టినరోజులు. ఏ పార్టీ అయినా సరే. ఒకరిది రాస్తే మధ్యాహ్నానికల్లా రెండో పార్టీ వాళ్ళు మా వాడిది ఎప్పుడు రాస్తావమ్మా అని వస్తారు. సినిమా హీరోలవి రాయండి, తప్పదు. ‘హ్యాపీ బర్త్‌డే’ అని కాక ఒక విషయం చెప్పండి. ఎన్టీఆర్‌ది మే 28న అందరూ రాస్తారు. నేను నవంబర్ 24న రాస్తాను, 1949లో ఆయన మొదటి సినిమా ‘మనదేశం’ విడుదలైన రోజు. అభిమానులు కూడా కొందరు ఆ తారీఖు అప్పుడే వింటారు.

గుడుల, మసీదుల గొడవల తారీఖులు షాపు ముందు వద్దు. అవి మాట్లాడుకోవడానికి వేరే చోట్లున్నాయి.

రాయడం

తెల్ల బోర్డు మీద మార్కర్‌తో రాస్తే పదిగంటల ఎండకు మెరిసి ఒక్క అక్షరం కనపడదు. నల్లబోర్డు, సుద్దముక్కే మేలు. చక్కెర కలిపిన నీళ్ళలో సుద్దముక్కను కాసేపు నానబెట్టి రాస్తే అక్షరం తెల్లగా పడుతుంది, పొడి రాలదు, చెయ్యి తగిలినా అంత తేలిగ్గా చెరగదు. మర్నాడు తడిగుడ్డతో తుడవాలి. తారీఖు పసుపుతో, విషయం తెలుపుతో రాయండి, ఇంకో రంగు వద్దు. అక్షరం రోడ్డు అవతలి టీ అంగడి దగ్గర నిలబడిన మనిషికి అందాలి. నాలుగు లైన్లు దాటితే అక్షరం చిన్నదైపోతుంది, కాబట్టి నాలుగు లైన్లలో పట్టనిది ఆ రోజుకు రాయొద్దు.

రోజూ పొద్దున కూర్చుని వెతకొద్దు. ఆదివారం సాయంత్రం ఏడు పేజీలు తీసి, ఏడు చీటీలు రాసి, క్లిప్పుకు పెట్టుకోండి. పొద్దున షట్టర్ ఎత్తాక ఐదు నిమిషాల పని. పేజీలో నమ్మకమైనది ఏదీ లేని రోజు బోర్డు మీద తారీఖు, వారం మాత్రం రాసి వదిలేయండి. జనం అడుగుతారు, అడగనివ్వండి.

ఫిబ్రవరి 29 పేజీ ఖాళీగా ఉంచొద్దు. మొరార్జీ దేశాయ్ 1896లో ఆ రోజు పుట్టారు. 1900 లీపు సంవత్సరం కాదు, కాబట్టి ఆయనకు మొదటి పుట్టినరోజు తారీఖు ఎనిమిదేళ్ళకు, 1904లో వచ్చింది. 2028లో ఆ రోజుకు బోర్డు మీద ఇదే పెట్టి, 1900 ఎందుకు లీపు కాదో మాత్రం రాయకండి. డీఎస్సీ పిల్లలు అక్కడే నిలబడి వాదించుకుంటారు, ఆ లోపల జిరాక్సులు కూడా తీయించుకుంటారు.